టాక్స్ ఫ్రీ సినిమాకి డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది?

పోయిన సంచికలో సినిమా అవార్డుల మీద వేసిన వ్యాసానికి ఉత్తరాలు, మెయిల్స్, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయి. కొన్ని బాగా కోపంగా ఉన్నాయి, పర్లేదు. చాలామంది అడిగింది ఒకటే, మన పన్నుల డబ్బు సినిమాలకి ఎందుకు, అందులోనూ మనకి నచ్చని సినిమాలకి ఎందుకు అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: అన్నా, నేను ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో బుకింగ్ కౌంటర్‌లో కూర్చుంటా. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫలానా సినిమా టాక్స్ ఫ్రీ అని టీవీలో రాగానే జనం ఇక్కడికొచ్చి మాకూ తగ్గించు అంటారు. మన దగ్గర ఆ ఆర్డర్ లేదండీ అంటే నువ్వు ఏ పార్టీ వాడివిరా అని గొడవ. ఒకాయనైతే కౌంటర్ కంతలోంచి చెయ్యి పెట్టి టికెట్ల కట్ట లాగేశాడు. అసలు టాక్స్ ఫ్రీ అంటే ఏం జరుగుద్దో అర్థమయ్యేలా చెప్పు, జిరాక్స్ తీసి అద్దానికి అతికించుకుంటా.

జవాబు: తమ్ముడూ, 2017 జూలై 1కి ముందైతే వినోదపు పన్ను పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉండేది, ముఖ్యమంత్రి వద్దంటే ఒక జీవోతో పోయేది. జీఎస్టీ వచ్చాక అట్లా కుదరదు. టికెట్ మీద పడే జీఎస్టీలో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది, రాష్ట్రం వదులుకోగలిగేది తన సగమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఉన్న రేట్లు చూస్తే 100 రూపాయల వరకు ఉన్న టికెట్‌కి 5 శాతం, 100 దాటితే 18 శాతం.

ఇప్పుడు 200 రూపాయల టికెట్ తీసుకో. దాని మీద కేంద్రానికి 18, రాష్ట్రానికి 18, మొత్తం 236. టాక్స్ ఫ్రీ అని రాష్ట్రం ప్రకటిస్తే ప్రేక్షకుడు 218 కట్టాలి, అంతే, టికెట్ ఫ్రీ అవ్వదు. మిగిలిన ఆ 18 ఏమైంది అంటే మాఫీ ఏమీ అవ్వలేదు, మామూలుగా ఇలాంటి ఆర్డర్లలో థియేటర్ వాళ్ళు దాన్ని ముందు తమ చేతి నుంచి కట్టేసి తర్వాత రాష్ట్ర ప్రభుత్వం దగ్గర వెనక్కి తీసుకోవాలని ఉంటుంది. అంటే ఖజానాలోంచి పోయింది. ఆ సినిమా పేరు కూడా తెలియని మనిషి కట్టిన పన్నులోంచి పోయింది. అద్దానికి ఈ ముక్క పెద్దక్షరాలతో రాసి పెట్టు: ఈ ఆర్డర్ ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, కౌంటర్‌లో కూర్చున్న మనిషి కాదు. టికెట్ల కట్ట లాగినాయన మీద మాత్రం మేనేజర్‌తో చెప్పి గట్టిగా మాట్లాడించు, ఊరుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. సమాజానికి చరిత్ర చెప్పే సినిమా, మంచి సందేశం ఉన్న సినిమా వచ్చినప్పుడు ప్రభుత్వం పన్ను తీసేస్తే దాని మీద కూడా రాద్ధాంతం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మంచిని ప్రోత్సహించడం ప్రభుత్వ ధర్మం కాదా?

జవాబు: మాస్టారూ, ప్రోత్సహించొచ్చు, నాకు అందులో అభ్యంతరం లేదు. మంచి అని తేల్చేది ఎవరు, ఎప్పుడు, ఏ రూల్ చూసి అన్న దగ్గరే నా బాధంతా.

2020 జనవరి 10న రెండు హిందీ సినిమాలు ఒకే రోజు రిలీజయ్యాయి. ఒకటి యాసిడ్ దాడికి గురైన అమ్మాయి కథ, ఛపాక్. రెండోది మరాఠా వీరుడి కథ, తానాజీ. ఛపాక్ హీరోయిన్ రిలీజ్‌కి మూడు రోజుల ముందు జేఎన్‌యూ యూనివర్సిటీలో దాడికి నిరసన తెలుపుతున్న విద్యార్థుల దగ్గరికి వెళ్ళి నిలబడింది, ఆ రోజు నుంచి సినిమా చూడాలా వద్దా అనేది రాజకీయ ప్రశ్న అయిపోయింది. కాంగ్రెస్ పాలనలో ఉన్న మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ఛపాక్‌ని టాక్స్ ఫ్రీ చేశాయి, బీజేపీ పాలనలో ఉన్న ఉత్తరప్రదేశ్, హర్యానా తానాజీని టాక్స్ ఫ్రీ చేశాయి. ఇప్పుడు చెప్పండి మాస్టారూ, యాసిడ్ దాడి గురించి లక్నోలో ఆడపిల్లలకి తెలియక్కర్లేదా, మరాఠా చరిత్ర రాయ్‌పూర్ పిల్లలకి అక్కర్లేదా? సినిమా మంచిచెడ్డలు ఎవరూ చూడలేదు, ఏ జెండా వైపు నిలబడింది అన్నదే చూశారు, డబ్బు మాత్రం ఆ రాష్ట్రంలో రెండు జెండాల వాళ్ళూ కట్టింది.

తర్వాత 2022 మార్చిలో ది కశ్మీర్ ఫైల్స్ వచ్చింది. కశ్మీర్ వదిలి పారిపోవాల్సి వచ్చిన పండిట్ల కుటుంబాలు పడ్డ నరకం నిజం, దాని మీద సినిమా తీసే హక్కు, చూసే హక్కు అందరికీ ఉంది, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ బీజేపీ రాష్ట్రాలు వరసపెట్టి పన్ను తీసేశాయి, అస్సాంలో ప్రభుత్వ ఉద్యోగులకి సినిమా చూడటానికి సగం రోజు సెలవు ఇచ్చారు, మధ్యప్రదేశ్‌లో పోలీసులకి సెలవు అన్నారు. ఢిల్లీలోనూ టాక్స్ ఫ్రీ చేయమని బీజేపీ వాళ్ళు అడిగితే అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్ అసెంబ్లీలో లేచి యూట్యూబ్‌లో పెట్టేయండి అందరికీ ఫ్రీ అయిపోతుంది అన్నారు. అదే ఢిల్లీ ప్రభుత్వం అంతకు మూడు నెలల ముందు 2021 డిసెంబర్‌లో క్రికెట్ వరల్డ్ కప్ సినిమా 83కి టాక్స్ ఫ్రీ ఇచ్చింది. అంటే పద్ధతి తప్పు అని ఎవరూ అనలేదు, సినిమా తప్పు అన్నారు, అవతలి వాళ్ళూ అంతే.

మన దగ్గర కూడా ఇది కొత్త కాదండీ. 2015లో రుద్రమదేవికి తెలంగాణ పన్ను మినహాయింపు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఇవ్వలేదు. 2017 సంక్రాంతికి వచ్చిన గౌతమీపుత్ర శాతకర్ణికి రెండు రాష్ట్రాలూ ఇచ్చాయి. అప్పుడు రుద్రమదేవి దర్శకుడు బహిరంగంగానే అడిగాడు, మాదీ చారిత్రక సినిమానే కదా మాకెందుకు ఇవ్వలేదు అని. ఆ ప్రశ్న న్యాయమైనది. చారిత్రక సినిమాకి మినహాయింపు అని ముందే ఒక రూల్ రాసి ఉంటే ఆయన అడగాల్సిన పనే లేదు, ఇద్దరూ ఒకే ఫారం నింపేవాళ్ళు. ఆ మినహాయింపు డబ్బు టికెట్ కొన్నవాళ్ళకి అందలేదని వినియోగదారుల తరఫున సుప్రీంకోర్టు దాకా కేసు కూడా వెళ్ళింది, 2022లో కోర్టు నోటీసులు ఇచ్చింది.

మీరు ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్ది ఉంటారు మాస్టారూ, ఎవరి పేపరో చూసి మార్కులు వేయకూడదనే కదా నంబర్ తప్ప పేరు కనపడకుండా చేస్తారు. ఇక్కడ కూడా నేను అడిగేది అదే. రిలీజ్‌కి ముందు, సినిమా ఎవరిదో తెలియకముందే రాసిపెట్టిన రూల్, ఎంత డబ్బు వరకు, ఎన్ని రోజుల వరకు అనేది అందులోనే. మీకు నచ్చిన సినిమాకి ఆ రూల్ వర్తించినట్టే మీకు ఒళ్ళు మండే సినిమాకీ వర్తించాలి, దానికి మీరు ఒప్పుకుంటే నేను మీ వైపే.

ప్రశ్న: రూల్ రూల్ అంటారు, తమిళనాడులో రూల్ పెట్టారుగా, తమిళ పేరు పెడితే టాక్స్ లేదు అని. మన తెలుగులో కూడా పెట్టొచ్చు కదా, అన్నీ ఇంగ్లీష్ టైటిల్స్ అయిపోయాయి.

జవాబు: 2006లో కరుణానిధి ప్రభుత్వం పెట్టింది, అవును. ఇంగ్లీషు పేర్లు అనుకున్నవాళ్ళు కూడా మార్చేసుకున్నారు. రూల్ ముందే ఉంది, అందరికీ ఒకటే, ఆ మేరకు మంచిదే. కానీ పేరు తమిళమైతే చాలు లోపల ఏమున్నా పర్లేదు, ఎంత పెద్ద బడ్జెట్ అయినా పర్లేదు అన్నట్టు అయింది, దాంతో కోట్లు గడించే సినిమాలకి కూడా మినహాయింపు దక్కింది. 2011లో జయలలిత ప్రభుత్వం వచ్చాక అందరూ చూడొచ్చని సెన్సార్ ఇచ్చే యూ సర్టిఫికెట్ ఉండాలి, తమిళ సంస్కృతికి తగ్గట్టు ఉండాలి అని షరతులు చేర్చారు. సంస్కృతికి తగ్గట్టు ఉందో లేదో చెప్పేది మళ్ళీ ఒక కమిటీ, ఆ కమిటీని వేసేది ప్రభుత్వం, మళ్ళీ మొదటికే వచ్చాం. తెలుగు టైటిల్ మీద నాకూ ప్రేమ ఉంది, కానీ పోస్టర్ మీద ఉన్న పేరుకి ఖజానా డబ్బు ఇవ్వడం నాకు నచ్చదు. అదే డబ్బు పిల్లల సినిమాకో, డిస్ట్రిబ్యూటర్ దొరకని చిన్న సినిమాకో వెళ్తే నాలుగు షోలు పడతాయి.

ప్రశ్న: పుష్ప సినిమాల్లో అల్లు అర్జున్ లాగా స్మగ్లర్ పాత్ర వేసిన వాళ్ళకి ప్రభుత్వ అవార్డులా? నేషనల్ అవార్డు ఇచ్చారు, మళ్ళీ గద్దర్ అవార్డు కూడా ఇచ్చారు. ఇద్దరు పిల్లల తల్లిగా అడుగుతున్నా, నా పన్ను డబ్బుతో పిల్లలకి ఏం నేర్పుతున్నారు?

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది, మీరు ఒక్కరే కాదు, 2024లో పవన్ కల్యాణ్ కూడా ఒకప్పుడు హీరోలు అడవిని కాపాడేవాళ్ళు ఇప్పుడు చెట్లు నరుకుతున్నారు అన్నారు, తెలంగాణ మంత్రి సీతక్క కూడా జై భీమ్‌కి అవార్డు రాలేదు స్మగ్లర్ పాత్రకి వచ్చింది అని బాధపడ్డారు. కానీ నేను వాళ్ళతో ఏకీభవించను. 2023లో ప్రకటించిన ఆ జాతీయ అవార్డు ఉత్తమ నటుడిది, పాత్ర ఎంత మంచివాడు అని కాదు, ఆ మనిషి ఎంత బాగా నటించాడు అని ఇచ్చేది. దుర్యోధనుడి వేషం అద్భుతంగా కట్టిన నటుడికి మనం చప్పట్లు కొట్టలేదా, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే కొట్టాం.

విలువలకి అవార్డు ఇవ్వాలంటే దానికి వేరే విభాగాలు ఉన్నాయి. జాతీయ అవార్డుల్లో దేశ, సామాజిక, పర్యావరణ విలువల సినిమాకి విడిగా ఒకటి ఉంది, నంది అవార్డుల్లో జాతీయ సమైక్యతకి సరోజినీ దేవి పేరు మీద ఉండేది. మీ డిమాండ్ అక్కడ పెట్టండి, నేను కూడా సంతకం పెడతా.

జైభీమ్ విషయంలో మాత్రం మంత్రి గారి బాధలో న్యాయం ఉంది. ఎందుకు రాలేదో జ్యూరీ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో మనమే చూశాం కదా, 1964 నుంచి నడిచిన నంది అవార్డులు 2017 నవంబర్‌లో మూడేళ్ళవి కలిపి ఒకేసారి ప్రకటించారు, కులం చూశారని, పార్టీ చూశారని గొడవ లేచింది, ప్రదానం ఆగిపోయింది. అర్హత ఉన్న వాళ్ళు కూడా ఆ బొమ్మ చేతిలోకి తీసుకోలేకపోయారు, ఆర్ట్ డైరెక్టర్లు, మేకప్ వాళ్ళు, వాళ్ళకి ఆ అవార్డు ఎంత పెద్ద విషయమో ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత 2025 జూన్‌లో తెలంగాణలో గద్దర్ పేరు మీద మళ్ళీ మొదలయ్యాయి, అప్పుడు కూడా గొడవ గద్దర్ పేరు మీదే నడిచింది కానీ జ్యూరీ నోట్స్ బయటపెట్టండి అని అడిగినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: టికెట్ రేట్లు పెంచుకోమని పర్మిషన్ ఇవ్వడం కూడా పబ్లిక్ మనీ దోచిపెట్టడమే కదా బ్రో?

జవాబు: కాదు. అది టికెట్ కొన్న నీ జేబులోది, ఖజానాది కాదు. సినిమా చూడనివాడికి ఒక్క రూపాయి నష్టం లేదు. సామాన్యుడికి భారమా అంటే భారమే, 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు అడిగాక ప్రభుత్వమే గేమ్ ఛేంజర్‌కి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంది. అది వేరే పోరాటం, దీనితో కలపకు.

ప్రశ్న: నా మాట సూటిగా రాస్తున్నా. ప్రభుత్వానికి సినిమాలతో పనేంటి? ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఎవడి సినిమా వాడు తీసుకోవాలి, నచ్చినవాడు చూస్తాడు. అప్పుడు ఏ గొడవా ఉండదు.

జవాబు: ఇది చాలామంది రాశారు, అందులో నిజాయితీ ఉంది, అయినా నేను ఒప్పుకోను. సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలి తీస్తున్నప్పుడు డబ్బు అయిపోయి షూటింగ్ ఆగిపోతే పూర్తి చేయించింది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, అది కూడా రోడ్ల అభివృద్ధి పద్దులో చూపించి. 1955లో వచ్చిన ఆ సినిమాకి ఏ నిర్మాతా ముందుకు రాలేదు, ఇవాళ ప్రపంచంలో ఎక్కడ సినిమా పాఠం చెప్పినా అది లేకుండా చెప్పరు. మార్కెట్‌కి వదిలేసి ఉంటే సగం రీళ్ళు అటక మీద ఉండేవి.

భయపడాల్సింది డబ్బు ఇచ్చే చెయ్యి లిస్టులు రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు. దక్షిణ కొరియాలో పార్క్ గ్యున్ హే ప్రభుత్వం 9 వేల మందికి పైగా కళాకారుల పేర్లు రాసుకుని వీళ్ళకి ప్రభుత్వ సాయం అందకుండా చూడాలి అనుకుంది, ఎందుకంటే వాళ్ళు ప్రతిపక్షాన్ని సమర్థించారు, పడవ ప్రమాదంలో చనిపోయిన పిల్లల కోసం సంతకాలు పెట్టారు. ఆ లిస్టులో ఉన్న పారసైట్ దర్శకుడు బాంగ్ జూన్ హో 2020లో ఆస్కార్ వేదిక మీద నిలబడ్డాడు. ఆ దేశంలో సాంస్కృతిక మంత్రి జైలుకెళ్ళింది, 2020 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ లిస్టు చెల్లదు అంది. అంత జరిగినా ప్రభుత్వం సినిమాలకి సాయం ఆపేయాలని వాళ్ళు అనుకోలేదు, లిస్టు రాసినవాళ్ళని శిక్షించారు. నాకు ఆ దారి నచ్చింది.

ప్రశ్న: కేరళ స్టోరీ సినిమాని ఒక రాష్ట్రం టాక్స్ ఫ్రీ చేసింది ఇంకో రాష్ట్రం బ్యాన్ చేసింది. డబ్బిచ్చే హక్కు ఉంటే ఆపే హక్కు కూడా ఉంటుంది కదా సార్? లా స్టూడెంట్‌ని, డిబేట్‌లో ఈ పాయింట్ మీద ఓడిపోయా.

జవాబు: రెండూ ఒకటి కావు. పన్ను వదులుకోవడం ప్రభుత్వ ఇష్టం అనుకుందాం, సినిమా ఆపడం పౌరుడి హక్కు మీద చెయ్యి వేయడం. 2023 మే 8న బెంగాల్ నిషేధించింది, పది రోజుల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. దానికి పునాది 1989 నాటి రంగరాజన్ కేసు, అది చదువు. రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించిన తమిళ సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది, ఆడనిస్తే అల్లర్లు అవుతాయని వాదించారు. అల్లర్లు చేస్తామని బెదిరించేవాళ్ళకి భయపడి మాట్లాడే హక్కు ఆపకూడదు, శాంతిభద్రతలు చూసుకోవడం ప్రభుత్వం పని అంది కోర్టు. ఆ సినిమా వాదన నాకు నచ్చదు, తీర్పు మాత్రం నూటికి నూరు పాళ్ళు నచ్చుతుంది.

ఇంకో జత కూడా డిబేట్‌కి పనికొస్తుంది. దూరదర్శన్ ప్రజల డబ్బుతో నడిచేది. ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీ ఒకటి, మతతత్వాన్ని విమర్శించేది, వేయం అని ఏళ్ళ తరబడి భీష్మించుకు కూర్చుంటే 2006లో సుప్రీంకోర్టు వేయించింది. అదే దూరదర్శన్ 2024 ఏప్రిల్‌లో ఎన్నికల ముందు కేరళ స్టోరీ వేసింది, కేరళ ముఖ్యమంత్రి వద్దన్నా ఆగలేదు. ఒకటి వేయనంది ఎందుకు, ఒకటి వేసింది ఎందుకు, ఆ రెండిటి మధ్య రాసిపెట్టిన రూల్ ఏంటి అని అడుగు, అవతలి టీమ్ తడుముకోవాల్సిందే.

ప్రశ్న: సార్, నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని, ఎస్సీ అమ్మాయిని. కేరళలో ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీ దర్శకులకి ప్రభుత్వం కోటిన్నర దాకా ఇస్తుందని చదివి కథ పట్టుకుని అక్కడికి వెళ్ళిపోదామా అనిపించింది. తర్వాత అంత పెద్ద దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ గారే ముందు ట్రైనింగ్ ఇవ్వాలి అంత డబ్బు ఎందుకు అన్నారని చూసి ఏడుపొచ్చింది. ఆయన అన్నదాంట్లో నిజం ఉందా?

జవాబు: చెల్లీ, ముందు ఏం జరిగిందో తెలియనివాళ్ళ కోసం రాస్తా. కేరళ రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఈ పథకం నడుపుతోంది. 2025 ఆగస్టులో తిరువనంతపురంలో సినిమా విధానం మీద జరిగిన సమావేశంలో అదూర్ గారు, కోటిన్నర ఎక్కువ, దాన్ని ముగ్గురికి యాభై లక్షల చొప్పున ఇవ్వండి, తీసుకునేవాళ్ళకి ముందు మూడు నెలలు శిక్షణ ఇవ్వండి, ప్రజల డబ్బు అని వాళ్ళకి తెలియాలి అన్నారు. సభలోనే ఒక గాయని లేచి అభ్యంతరం చెప్పింది, మంత్రి కూడా పథకాన్ని సమర్థించారు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి దాచను. కొత్తగా సినిమా తీసే ఎవరికైనా శిక్షణ మంచిదే. కానీ ఆ మాట ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఇచ్చే డబ్బు దగ్గరే ఎందుకు గుర్తొచ్చింది, మొదటి సినిమాకే పదుల కోట్లు పెట్టించుకుని ముంచే వారసులకి ఎవరైనా మూడు నెలల కోర్సు చెప్పారా? యాభై లక్షల సంగతి కూడా నీకు తెలుసు, సెట్‌లో ఉన్నదానివి, యూనిట్ బత్తాలు, కెమెరా అద్దె, డీఐ (రంగులు సరిచేసే పని), మిక్సింగ్, సెన్సార్, ఇవన్నీ తీసేస్తే నటులకి ఇవ్వడానికి ఏం మిగులుతుంది, రిలీజ్‌కి ఏం మిగులుతుంది. పేదగా తీయించి పేదగా ఉంది అని విమర్శించడం అన్యాయం.

పథకంలో నిజమైన లోపం వేరే ఉంది, దాన్ని ఎత్తి చూపింది ఆ డబ్బుతో సినిమా తీసిన ఆడవాళ్ళే. సినిమా అయ్యాక రిలీజ్ ఆలస్యం, పబ్లిసిటీ లేదు, నిర్ణయాలు చెప్పరు అని బయటికే వచ్చి మాట్లాడారు. ప్రజల డబ్బు వృథా అయ్యేది అక్కడ, డబ్బాలో పడి ఉన్న సినిమా దగ్గర. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి పథకం అడిగేటప్పుడు రిలీజ్ ఖర్చు, కనీసం కొన్ని షోలు గ్యారంటీ, ఎంపికకి ప్రతి ఒక్కరికీ రాతపూర్వక కారణాలు, ఈ మూడూ మొదటి రోజే రాయించాలి. నువ్వు ఏడవడం ఆపి కథ పూర్తి స్క్రిప్ట్‌గా, బడ్జెట్ షీట్‌తో కలిపి రెడీగా పెట్టుకో, పథకం వస్తే అప్లికేషన్‌కి టైమ్ ఎక్కువ ఇవ్వరు.

ప్రశ్న: ఇవన్నీ చదివి కోపం తెచ్చుకోవడం తప్ప మాలాంటి వాళ్ళం ఏం చేయగలం? ఏ సినిమాకి ఎంత పోయిందో మాకెవరు చెప్తారు?

జవాబు: అడిగితే చెప్పాలి, 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద సంబంధిత శాఖ పౌర సమాచార అధికారికి రాయండి. పన్ను మినహాయింపు అయితే వాణిజ్య పన్నుల శాఖ, అవార్డులైతే సినిమా వ్యవహారాలు చూసే శాఖ. సినిమా మంచిదా చెడ్డదా అని అందులో వాదించొద్దు, ఎందుకిచ్చారు అని కూడా అడగొద్దు, కాగితాలు అడగండి: ఫలానా సినిమాకి మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వు కాపీ, అప్లికేషన్ కాపీ, ఫైలు నోట్స్, ఇప్పటిదాకా వదులుకున్న లేదా వెనక్కి ఇచ్చిన మొత్తం. అవార్డులకైతే జ్యూరీ సభ్యుల జాబితా, మినిట్స్ (సమావేశంలో ఏం మాట్లాడుకున్నారో రాసిన కాగితాలు), ఖర్చు వివరాలు. రాష్ట్ర స్థాయి ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్ళకి అది కూడా లేదు, కార్డు కాపీ జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే లేదా సగం సగం ఇస్తే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, 30 రోజుల లోపు.

ఒక పని తప్పకుండా చేయండి, మీకు నచ్చని సినిమాతో పాటు మీకు బాగా నచ్చిన సినిమా ఒకటి కూడా అదే అప్లికేషన్‌లో రాయండి. జవాబులు వచ్చాక మాకు కాపీ పంపండి, శాఖ పేరు, మొత్తం, తేదీలతో సహా ఇదే శీర్షికలో వేస్తాం.